తిన్నది ఒంటికి పట్టని వదిన

రాండమ్మా, గడప దగ్గరే నిలబడ్డారేం? లోపలికి వచ్చి చాప మీద కూచోండి. కాళ్ళు చాపుకోండి, నేనూ చాపుకుంటాను. నా మోకాళ్ళ సంగతి కూడా ఇందులో ఉంది కాబట్టి మర్యాద చూసుకోవద్దు. చేతిలో పని ఉంటే చేసుకుంటూనే వినండి. ఊరికే కూచుని విన్నది ఒంటికి పట్టదు.

నిన్న సరుకులకు వెళితే అంగడాయన రెండు గోతాల మధ్య నిలబడి, తల ఎత్తకుండానే "ఎళ్ళా, కొళ్ళా?" అని తమిళంలో అడిగాడు. నువ్వులు కావాలా, ఉలవలు కావాలా అని. అంతే. నాకు నవ్వు వచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. వెనక నిలబడ్డవాళ్ళు ఈమెకేమయిందో అని పక్కకు జరిగారు. పాపం ఆయనకేం తెలుసు, ఆ రెండు గోతాల మధ్య నాకు ఒక మనిషి కనబడిందని. ఎండిన చింతబరిక లాంటి మనిషి.

పేరు చెప్పను. పేరు చెబితే ఎవరి కూతురు, ఎవరి కోడలు అని మీరు లాగడం మొదలుపెడతారు. తమిళదేశంలో ఈ ధర్మపురి తెలుగు ఇళ్ళు ఎన్నని, ఒకరిని లాగితే పదిమంది వస్తారు. నాకు ఆమె వదిన. రక్తం వరుస కాదు, వీధి వరుస. మా ఇంటి వెనక వరస ఇళ్ళలో ఉండేది. పెన్నాగరం పక్కనుంచి వచ్చిన కుటుంబం. మొగుడు సెంట్రింగు పని, ఆమె ఇటుకలు, ఇసుక మోసే పని. ఆమె నన్ను వదినా అనేది, నేనూ ఆమెను వదినా అనేదాన్ని. ఆ వరుసలో ఒక సుఖం ఉంది. ఎంత ఎగతాళి చేసినా తప్పు పట్టరు. కడుపులో ఉన్న కుళ్ళును కూడా ఎగతాళి కింద చెలామణి చేసుకోవచ్చు.

నాకు కుళ్ళు ఉండేది. ఇప్పుడూ ఉంది. ఎందుకో చెబుతాను.

నా కుడి మోకాలు నిలబడితే మూలిగేది, కూచుంటే కరకరమనేది. ఎముకల డాక్టరమ్మ ఫోటో తీసి చూసి, "తల్లీ, ఒంటి బరువు దిగిందా, మోకాలు నీది. దిగలేదా, కత్తి నాది" అన్నది. కార్తీక దీపం దాకా చూస్తానంది. నాకు కత్తి అంటే ఎంత భయమంటే, కూరగాయల కత్తి కొత్తది కొన్నా అది కాస్త మొద్దుబారేదాకా మా ఆయన చేతనే తరిగిస్తాను.

అందుకని అన్నం మానేశాను. రాత్రికి రాగి సంగటి, అదీ పిడికిలిలో దాగిపోయేంత ముద్ద. కాఫీలో చక్కెర లేదు. పెళ్ళిళ్ళలో పాయసం వచ్చే వేళకు ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టేదాన్ని. తెల్లవారకముందే చీర కింద బూట్లు వేసుకుని నాలుగు రోడ్ల దాకా నడక. నా కూతురు బరువు చూసే మిషను ఒకటి కొనిచ్చింది. గాజుపలక, మీద ఎక్కితే అంకె వెలుగుతుంది. వెలగడానికి బాగానే వెలుగుతుంది, కదలడమే లేదు. ఒక వారం చిటికెడు దిగేది. మరుసటి వారం ఆ చిటికెడు తన చెల్లెల్ని కూడా తోడు పెట్టుకుని తిరిగి వచ్చేది. మీలో ఎవరన్నా పస్తులుండి, నడిచి నడిచి, ఆ పలక ఎక్కి నిలబడ్డారో లేదో నాకు తెలియదు. నిలబడ్డవాళ్ళకు నేను చెప్పేది అర్థమవుతుంది. ఒళ్ళంటే మనదే అనుకుంటాం. కాదు, అది అత్తగారి లాంటిది. ఎంత చేసినా మెచ్చుకోదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఈ వదిన నాకు నడక తోడు అయింది. నాకు ఆ నడక మందు, ఆమెకు అది పనికి పోయే దారి. నాలుగు రోడ్ల దగ్గర కూలివాళ్ళు నిలబడే చోటికి ఆమె వెళ్ళేది, అక్కడిదాకా వెళ్ళి నేను వెనక్కి తిరిగేదాన్ని. నేను చెమటతో తడిసి ముద్దయ్యేదాన్ని. ఆమె నుదుటి మీద బొట్టు కూడా చెదిరేది కాదు.

ఆమె తినడం చూడాలి మీరు. ఒకనాడు సాయంత్రం మా ఇంటికి వస్తే సంగటి, వేరుశనక్కాయ చట్నీ పెట్టాను. మొదటి ముద్ద అయింది, రెండోది అయింది. "అడుగున ఏమన్నా ఉండాదా వదినా?" అని తపేలా దగ్గరికి లాక్కుని, గోటితో మాడు గీకి, అది కూడా చట్నీలో అద్దుకుని తిన్నది. నేను ఎదురుగా దోసకాయ ముక్క పట్టుకుని కూచున్నాను. ఆమె మింగే ప్రతి ముద్దా నా ఒంటికి పడుతున్నట్టు ఉండింది.

"ఇంత తింటావే, యాడికి పోతుంది వదినా ఇదంతా?" అన్నాను.

మోచేతి దగ్గర చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి పైకి లాగి, జవుళి అంగట్లో గుడ్డ నాణ్యం చూపించినట్టు చూపించింది. "చూడు. బట్ట ఉండాది, లోపల మనిషి లేదు. తిన్నది ఒంటికి పట్టదు వదినా, నా ఒంటికే రోషం."

ఆ చర్మం లాగి చూపించడం ఆమెకు అలవాటు. రోజుకు ఒకసారైనా చేసేది. ఇంకో అలవాటు, గాజులు మోచేతి దాకా ఎగదోసుకోవడం. చెయ్యి దించితే జారి పడిపోతాయని వాటికి దారం కట్టుకునేది. నా గాజులు సబ్బు రాసినా రావు. ఆమె పెళ్ళినాటి రవికె ఆమెకు ఇప్పటికీ వదులే. నా పెళ్ళినాటి రవికె నా మోచేతిని దాటదు.

కొళాయి దగ్గర తమిళం ఆడవాళ్ళు ఆమెను చూసి దినమూ ఒకటే మాట: "ఏన్ ఇప్పిడి ఇళచ్చు పోయిట్టే?" ఎందుకు ఇట్లా చిక్కిపోయినావు అని. ఆ మాట కోసం నేను ఎన్ని తెల్లవారుజాములు నడిచానో దేవుడికి తెలుసు. పక్కనే బిందె పట్టుకుని నేనూ నిలబడి ఉండేదాన్ని. ఒక్కరు నా వైపు తిరిగి ఆ మాట అంటే వాళ్ళ బిందెలు కూడా నేనే మోసి పెట్టేదాన్ని. ఎవరూ అనలేదు. ఉచితంగా వచ్చే ఆ మాటకు ఆమె తల దించుకుని, నీళ్ళు సగం నిండగానే వెళ్ళిపోయేది. మన మాటల్లో చూడండి, చిక్కడం అంటే సన్నబడటం, చిక్కడం అంటే దొరికిపోవడం కూడా. ఆమెను ఎవరైనా చిక్కినావే అంటే దొంగతనంలో దొరికినట్టే ముఖం పెట్టేది.

ఇంకొకటి గమనించాను. ఆమె గంజి పెట్టి బిరుసెక్కిన నూలు చీరలే కట్టేది, లోపల రెండు పావడాలు వేసుకునేది. నేను ఒంటికి అతుక్కుపోయే జారుడు చీరల కోసం అంగళ్ళన్నీ తిరిగేదాన్ని, కాస్త సన్నగా కనబడతానని. ఎండాకాలంలో రెండు పావడాలు ఏమిటి వదినా అని అడిగితే "సుమ్మా" అనేది. ఊరికే అని. ఊరికే కాదని ఒకనాడు నా కళ్ళతోనే చూశాను.

ఆ రోజు మోకాలు పట్టేసి, నాలుగు రోడ్ల దగ్గర మూసి ఉన్న ఒక అంగడి మెట్టు మీద కూచుండిపోయాను. కూలి ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. టెంపో ఆగింది, మేస్త్రి దిగాడు. అది కాంక్రీటు పోసే రోజట, గట్టి మనుషులు కావాలి. సంతలో ఎద్దులను చూసినట్టు ఒక్కొక్కరినీ చూస్తూ నువ్వు రా, నువ్వు రా అని వేలు చూపించుకుంటూ వచ్చాడు. వదిన కొంగు బిగించి, మోచేతులు కాస్త దూరంగా పెట్టి, ఉన్నంత వెడల్పుగా నిలబడింది. మేస్త్రి ఆమె దగ్గర ఆగి, "నువ్వు వద్దు తల్లీ. తట్ట నువ్వు మోస్తే, నిన్నెవరు మోస్తారు?" అన్నాడు. నలుగురూ నవ్వారు. ఆ తరువాత వాడి చూపు మెట్టు మీద కూచున్న నా మీద పడింది.

"అక్కా, కూచునేసినావేమి? లే, నువ్వు రా. నీలాంటోళ్ళే కావాల."

బూట్లు చూడలేదు, ముఖం చూడలేదు, ఒళ్ళు చూశాడు. అప్పుడు వదిన నా వైపు చూసింది. ఆ చూపు నాకు బాగా తెలిసినదే. ఆమె మాడు గీక్కుని తింటుంటే నేను చూసిన చూపు అది. నా ఒంటిని చూసి ఇంకొకరు కుళ్ళుకోవడం అదే మొదలు. చెప్పకూడదు గానీ, కాస్త బాగానే అనిపించింది.

మర్నాడు నడకలో ఆమె ఏమీ ఎత్తలేదు. బస్టాండు దాటినాక మాత్రం, "వదినా, మా అమ్మ ఒక మాట చెప్తా ఉండె. ఆ మాట పట్టుకుంటే నీకూ నాకూ ఇద్దరికీ తీరిపోతుంది" అన్నది.

"ఏం మాట?"

"బలిసినోళ్ళకు నువ్వులు, చిక్కినోళ్ళకు ఉలవలు. గుర్రం చూడు, ఉలవలు తినే గదా అంత కండ పట్టేది. నువ్వులు వేడి, కొవ్వును కరిగిస్తాయి."

నాకు నచ్చింది. నచ్చదా మరి? నువ్వులు వేయించి, బెల్లం కలిపి దంచి ఉండలు చేసుకున్నాను. బెల్లం లేకుండా నువ్వులు పని చేయవని కూడా ఆమే చెప్పింది. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి, మోకాలు మరీ నొప్పిగా ఉంటే మధ్యలో ఇంకొకటి. మందు ఇంత రుచిగా ఉండటం నా బతుకులో అదే మొదలు. ఆమె దినమూ ఉలవలు ఉడకబెట్టుకుని, గుగ్గిళ్ళు తిని, ఉడికిన నీళ్ళు కూడా చారు కాచుకుని తాగేది. ఎండలు పోయి వానలు మొదలయ్యాయి. నా మిషను మీద అంకె కదిలింది గానీ పైకి కదిలింది. ఆమె దారం కట్టిన గాజులు మోచేతిని కూడా దాటాయి. డాక్టరమ్మ నా ముఖం చూసి, "ఏం తింటున్నావు, నిజం చెప్పు" అన్నది. సంగటి అన్నాను, దోసకాయ అన్నాను. నువ్వుల ఉండల సంగతి చెప్పలేదు. అది తిండి కాదు కదా, మందు.

ఆ వారమే ఇద్దరం గానుగ దగ్గరికి వెళ్ళాం. అక్కడ ఒక తమిళ ముసలమ్మ నూనె, పిండి, నువ్వులు అమ్మేది. నేను సంచి తెరిచి పట్టుకుంటే, "ఇన్ని నువ్వులు ఎవరికి?" అని అడిగింది. నాకే అన్నాను. కింది నుంచి పైకి ఒకసారి, పై నుంచి కిందికి ఒకసారి చూసి, బోసినోటితో నిదానంగా అన్నది:

"ఇళచ్చవనుక్కు ఎళ్ళు. కొళుత్తవనుక్కు కొళ్ళు."

సన్నబడ్డవాడికి నువ్వులు. బలిసినవాడికి ఉలవలు.

ఇద్దరం అక్కడే నిలబడిపోయాం. మీరే చూడండి, తమిళంలో ఆ మాటకు ప్రాస కాపలా ఉంది. ఇళచ్చు పక్కన ఎళ్ళు, కొళుత్తు పక్కన కొళ్ళు. తాగినవాడు చెప్పినా తారుమారు కాదు. వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు మనది. వాళ్ళమ్మ ఆ మాటను వీధిలో విని, గడప దాటించి తెలుగులోకి తెచ్చుకుంది. తెచ్చేటప్పుడు కాపలా వీధిలోనే ఉండిపోయింది. తెలుగులో నువ్వులు ఎవరి పక్కన కూచున్నా అడిగేవాళ్ళు లేరు.

బయటికి రాగానే నాకు ఒళ్ళు మండిపోయింది. "నన్ను కత్తి కింద పండబెట్టాలనే గదా ఈ పని చేసినావు? ఆ మేస్త్రి నన్ను పిలిచినాడని నీకు కడుపుమంట" అన్నాను. వదిన వరుస కూడా ఆ మాటను ఎగతాళిగా మార్చలేకపోయింది.

ఆమె సంచి కింద పెట్టి, నడుము మీద చెయ్యి పెట్టుకుని నా ముఖంలోకి చూసింది.

"మండలేదని చెప్పను. మండె. నీ ఒళ్ళు నాకుంటే ఆ పొద్దు నేను టెంపో ఎక్కింటాను. కానీ నిన్ను చెరపాలంటే నీకు నువ్వులు చెప్పి ఊరుకుంటాను గానీ, నేనెందుకు దినమూ ఉలవలు మింగుతాను? ఇన్ని ఉలవలు తింటే గుర్రానికే మొగం మొత్తింటుంది వదినా."

నాకు నవ్వు వచ్చేసింది. ఆమె కూడా నవ్వి, దగ్గు వచ్చేదాకా నవ్వి, నా చేతిలో నువ్వుల సంచి లాక్కుంది. ఇంటికి వెళ్ళాక ఆమె ఉలవల డబ్బా మా ఇంటికి వచ్చింది. నా నువ్వుల ఉండల డబ్బా ఆమె ఇంటికి పోయింది. ఆ డబ్బా పోతుంటే నేను వాకిట్లో నిలబడి చూశాను. ఆడపిల్లను అత్తారింటికి పంపినట్టు ఉండింది.

ఇక్కడితో నా కుళ్ళు తీరి ఉంటుందని మీరు అనుకుంటున్నారు. ఇక్కడే పెరిగింది. నెల తిరగకముందే ఆమె బుగ్గలు నిండాయి. గాజులకు కట్టిన దారం విప్పేసింది. రవికె కుట్లు విప్పి వదులు చేసుకున్నానని ఆ విప్పిన దారాన్ని తెచ్చి మరీ నాకు చూపించింది. నేను? ఉలవలు, సంగటి, దోసకాయ, నడక. అంకె గోడకు కొట్టిన మేకు. ఆమెకు సన్నబడటమూ సులువే, లావవడమూ సులువే. ఆమె ఒళ్ళు పిలిస్తే పలికే ఆవు. నాది బురదలో పడుకున్న గేదె. కొట్టినా లేవదు, బతిమాలినా లేవదు.

మేస్త్రి ఆమెను పిలవడం మొదలుపెట్టాడు. తరువాత హోసూరులో పెద్ద కట్టడం పని దొరికిందని మొగుడూ పెళ్ళాం ఇద్దరూ బయలుదేరారు. పోయే రోజు నా దగ్గరికి వచ్చి, మడిచిన పావడా ఒకటి చేతిలో పెట్టింది. "నాకింక ఒకటి చాలు వదినా. ఇది నువ్వు కట్టుకో" అన్నది. మంచి మనసుతోనే ఇచ్చింది. అది నా నడుముకు సగం కూడా రాలేదు.

ఆమె పోయినాక ఒంటరిగా నడిచాను. నాకు తెలియకుండానే, నేను చూడటం మానేశాక, అంకె మెల్లగా దిగడం మొదలుపెట్టింది. కొండ మీద నుంచి నత్త దిగినట్టు. దిగుతుందా లేదా అని నిలబడి చూస్తే కనబడదు, మర్చిపోయి తిరిగి వస్తే కాస్త కింద ఉంటుంది. కార్తీక దీపానికి ముందు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. బరువు చూసింది, మోకాలు మడిచి చూసింది, కొత్త ఫోటో వెలుతురుకు పట్టి చూసింది. "ఇప్పటికి కత్తి వద్దు. ఇట్లాగే నడువు" అన్నది.

బయట బల్ల మీద కూచున్నాను. ఈ మాట ఎవరికి చెప్పేది? మా ఆయనకు చెబితే మంచిదే అని, భోజనానికి వేళ అయిందని గుర్తు చేస్తాడు. ఈ మాట విని కడుపు మండే మనిషి కావాలి నాకు. హోసూరుకు ఫోను చేశాను. అవతల కాంక్రీటు మిషను రొద.

"వదినా, దిగినాను. కత్తి లేదంట."

ఆ రొదను దాటుకుని ఆమె గొంతు వచ్చింది.

"అంత దిగినావా? దిగిందంతా యాడ పారేసినావు వదినా? నాకు పంపీరాదా."

అంతస్తు మీద అంతస్తు ఎక్కి దిగి, తిన్న నువ్వులన్నీ కరిగిపోయినాయట. మళ్ళీ రెండో పావడా కొన్నదట. అక్కడి మేస్త్రి కూడా ఆమెను చూసి చూపు తిప్పుకుంటున్నాడట. నవ్వుతూనే చెప్పింది. నేనూ నవ్వుతూనే విన్నాను. కానీ నిజం చెబుతున్నాను, ముందుగా నా మనసుకు తోచింది ఆమె కూలి కాదు. నాకు ఏడాది పట్టిన పని ఆమెకు రెండు నెలల్లో అయిపోయిందే అని. ఆ మంట తగ్గినాకే మిగతాది తోచింది.

ఆ సాయంత్రమే నువ్వులు వేయించాను. డబ్బా నిండా ఉండలు కట్టి, హోసూరుకు పోయే మా వీధి మనిషి చేత పంపించాను. వారం గడిచాక డబ్బా తిరిగి వచ్చింది. మూత తీయనేలేదు. వాళ్ళ కూలి గుంపు బెంగళూరు దాటి ఎక్కడికో పోయిందట. ఫోను చేస్తే ఎవరో కన్నడంలో పలికారు. అప్పటి నుంచి ఆమె సంగతి తెలియదు. ఆ ఉండలు ఇంట్లో పెట్టుకుని నేను తినలేదు, మోకాలికి భయపడి కాదు. అవి వేరే ఒంటి కోసం కట్టినవి.

లేస్తారా? చీకటి పడకముందే పోండమ్మా, మంచిదే. మీ ఇంట్లో పొయ్యి ఆరకూడదు. వండింది ఎవరి కోసం వండారో వాళ్ళ నోటికి చేరాలి. కావలసినవాళ్ళ ఒంటికి పట్టాలి, వద్దన్నవాళ్ళ ఒంటి మీద నుంచి జారిపోవాలి. మీ ఇంటి మోకాళ్ళు గట్టిగా ఉండాలి. మీరు చిక్కినా, బలిసినా, చూసి కాస్త కుళ్ళుకునే మనిషి ఒకరు మీ వీధిలోనే ఉండాలి, పిలిస్తే పలికేంత దగ్గరలో.